గేటు ముందు బండి అడ్డం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో గేటు ముందు బండ్ల గొడవలే ఎక్కువగా వచ్చాయి. చాలామంది "మా ఇంటి ముందు ఎవరూ పెట్టకూడదు కదా?" అని అడిగారు. ఇంటి ముందు రోడ్డు ఇంటివారిది కాదు, అందరిదీ. అయితే మీ గేటులోంచి మీ బండి బయటికి రావడానికి దారి ఉండాల్సిందే, దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు. ఈ రెండింటినీ కలిపేయకుండా మాట్లాడితే సగం గొడవలు పోలీసు స్టేషన్ దాకా వెళ్లవు.

ప్రశ్న: మా వీధి 20 అడుగులు. ఎదురింటివారు వాళ్ల గోడ పక్కనే కారు పెడతారు, అది సరిగ్గా మా గేటుకు ఎదురుగా ఉంటుంది. మాది చిన్న కారే అయినా రివర్స్‌లో బయటికి తియ్యాలంటే నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఇప్పటికి రెండుసార్లు బంపర్ గీరుకుంది. అడిగితే "మా గోడ పక్కన మేం పెట్టుకున్నాం, మీకేం?" అంటున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మా, ముందు టేపు తీసుకుని రెండు కొలతలు రాసుకోండి. మీ గేటు గీత నుంచి ఎదురుగా ఆగిన కారు దాకా ఎంత ఉంది? గేటు స్తంభాల మధ్య ఎంత ఉంది? వీధి 20 అడుగులని కాగితం మీద ఉన్నా, కాల్వలూ ర్యాంపులూ మెట్లూ పోగా బండి తిరిగే చోటు అంత మిగలదు. గోడకు అడుగు ఎడంగా పెట్టిన కారు సైడు అద్దంతో కలిపి 7 అడుగులు తింటుంది. వీధి పూర్తిగా 20 ఉన్నా మిగిలేది 13.

ఆ 13 అడుగులు చాలతాయా లేదా అన్నది మీరు కారును ఎటు తిప్పి పెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ ఇబ్బందిలో పెద్ద వాటా రివర్స్‌లో బయటికి తీయడానిదే. రివర్స్‌లో వస్తూ స్టీరింగ్ తిప్పితే ముందు భాగం ఎదురు దిశలో ఊగి గేటు స్తంభానికి కొట్టుకుంటుంది. అందుకని కారు దాదాపు మొత్తం బయటికి వచ్చేదాకా నేరుగానే రావాలి. చిన్న కారుకు ఉదాహరణగా మారుతి స్విఫ్ట్‌ను తీసుకుంటే, దాని పొడవు 12 అడుగుల 8 అంగుళాలు. 13 అడుగుల చోటులో అంత పొడవూ బయటికి వచ్చాక తిరగడానికి ఇక మిగిలేది ఏమీ లేదు.

రాత్రి ఇంటికి రాగానే కారును రివర్స్‌లో లోపల పెట్టండి, పొద్దున ముందువైపుగా బయటికి రండి. అప్పుడు లెక్క మారిపోతుంది. స్విఫ్ట్ తిరిగే వ్యాసార్ధం 4.8 మీటర్లు. 10 అడుగుల గేటులోంచి ముందువైపుగా వస్తే రోడ్డు మీద 11 అడుగులు సరిపోతాయి, జాగ్రత్తకు ఇంకో అడుగు కలిపితే 12. అంటే మీకున్న 13లోనే ఒక్క తిప్పుకు బయటపడొచ్చు. ఇదే గేటులోంచి ఇన్నోవా క్రిస్టా అయితే దాదాపు 14 అడుగులు కావాలి. పెద్ద బండి ఉన్నవారికి ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ తిప్పుకోక తప్పదు.

స్టీరింగ్ ఎప్పుడు తిప్పాలన్నది కూడా ముఖ్యం. కుడికి తిరగాలంటే గేటులో ఎడమ స్తంభం వైపు జరిగి రండి. స్తంభానికి అడుగు వదలండి, ఎందుకంటే తిరిగేటప్పుడు కారు తోక కాస్త ఎడమకు ఊగుతుంది. ముందు చక్రాలు గేటు గీత దాటి అడుగున్నర పోయాక స్టీరింగ్ పూర్తిగా తిప్పండి. అంతకంటే ముందే తిప్పితే వెనక తలుపు కుడి స్తంభానికి రాసుకుంటుంది. మరీ ఆలస్యం చేస్తే ముక్కు ఎదుటి కారుకు తగులుతుంది. రెండు దారులూ ఉంటే కుడికే తిరగండి. లోపలి స్తంభం డ్రైవర్ వైపే ఉంటుంది కాబట్టి కళ్లతో చూస్తూ తిప్పొచ్చు.

కొలిస్తే చోటు 12 కంటే తక్కువ వచ్చిందా, ఇక ఎదురింటివారితో మాట. "మా గేటుకు ఎదురుగా పెట్టకండి" అంటే కారు మొత్తం తీసేయమన్నట్టు వినిపిస్తుంది, అందుకే ఎదురు తిరుగుతారు. నిజానికి మీకు కావాల్సింది అంత కాదు. మీరు కుడికి తిరిగేటప్పుడు కారు ముక్కు రోడ్డులోకి ఎక్కువగా వచ్చేది గేటుకు సూటిగా కాదు, కుడి స్తంభానికి ఇంకో నాలుగైదు అడుగులు కుడిగా. కాబట్టి వాళ్ల కారు మీ గేటుకు ఎడమవైపు 6 అడుగులు జరిగితే చాలు, అది వాళ్ల గోడ పక్కనే ఉండొచ్చు. ఆదివారం పొద్దున, బయటికి వెళ్లే తొందర లేనప్పుడు, ఆ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పండి: "పిన్నిగారూ, కారు ఇక్కడే పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు. ఈ స్తంభం దగ్గరి నుంచి ఆ కరెంటు స్తంభం వైపు ఆరడుగులు జరిపితే మా బండి ఒక్కసారికే వచ్చేస్తుంది. అబ్బాయిని ఒకసారి రమ్మనండి, తిప్పి చూపిస్తాను." ఆ అబ్బాయి ఎదుటే కారు తీసి చూపించండి. ఒప్పుకున్నాక వాళ్లనే సుద్దముక్కతో గీత గీయమనండి. ఆ ఇల్లు అద్దెది అయితే ఇంటి ఓనర్‌కూ ఫోన్‌లో ఒకమాట చెప్పి ఉంచండి, అద్దెకున్నవారు మారితే గీత సంగతి కొత్తవారికి తెలియదు.

మీ గేటు 10 అడుగుల కంటే చిన్నదైతే, ఈసారి గోడ పని పెట్టుకున్నప్పుడు 12 అడుగులు చేయించండి. గేటు రెండడుగులు పెరిగితే రోడ్డు మీద అవసరమయ్యే చోటు అడుగు తగ్గుతుంది.

ప్రశ్న: పక్కింటివారి అతిథుల కారు తరచూ మా గేటుకు సగం అడ్డంగా ఉంటుంది. పిలిస్తే "అయిదు నిమిషాలు" అని అరగంట చేస్తారు. మాటలతో పని అవ్వలేదు. పోలీసులకు చెబితే పట్టించుకుంటారా? చట్టంలో ఏముంది? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పట్టించుకుంటారు, మీరు సరిగ్గా చెబితే. మోటారు వాహనాల చట్టం 1988లోని 122వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసరపు ఇబ్బంది కలిగేలా బండి నిలపకూడదు. ఇళ్ల ప్రవేశద్వారానికి అడ్డంగా ఆపకూడదన్నది 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ కొనసాగింది. 122వ సెక్షన్‌ను మీరితే 177వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా జరిమానా. స్థానికంగా వేసే చలానా మొత్తం వేరుగా ఉండొచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రకారం బహిరంగ దారిలో అడ్డంకి కలిగిస్తే 5,000 దాకా జరిమానా పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది 200 రూపాయలే.

ఫిర్యాదు బలమంతా ఫోటోలో ఉంటుంది. నంబర్ ప్లేటు దగ్గరగా తీసిన ఫోటో ఒక్కటీ పంపితే ఆ బండి ఎక్కడ ఉందో ఎవరికి తెలుస్తుంది? రోడ్డు అవతలి వైపు నిలబడి, నంబర్ ప్లేటు, మీ గేటు రెండు స్తంభాలు, ఇంటి నంబరు ఒకే ఫ్రేములో వచ్చేలా తీయండి. గేటు తెరిచి, లోపల మీ కారు కనిపించేలా రెండోది. తేదీ, సమయం పడేలా ఫోన్‌లో పెట్టుకోండి. బండి బయటికి తీయలేకపోతున్నట్టు అరనిమిషం వీడియో ఉంటే ఇంకా మంచిది. అత్యవసరమైతే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, "గేటు మూసుకుపోయింది, పేషెంట్‌ను ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అని ఉన్న పరిస్థితి ఉన్నట్టు చెప్పండి. అత్యవసరం కాకపోతే మీ ప్రాంత ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. నాలుగైదు తేదీల ఫోటోలు జతచేసిన కాగితానికి ఉన్న విలువ కోపంగా చేసిన ఫోన్‌కు ఉండదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి వివరాలు వస్తాయి గానీ ఓనర్ పేరు పూర్తిగా కనబడదు. ఆ వివరాలతో ఓనర్ ఇంటికి వెళ్లే ప్రయత్నం చేయకండి, అది పోలీసుల పని.

అదే అడ్డంకి నెలల తరబడి సాగుతూ, వీధిలో మరికొందరికీ ఇబ్బందిగా ఉంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో ఆయన అడ్డంకి తొలగించమని ఆదేశం ఇవ్వగలరు. సంతకాలు ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు.

ఇంకో మాట. గేటుకు ఏ పక్కన కారు ఉందన్నది చూసుకోండి. మీరు తిరగని వైపు ఉన్న కారు రోడ్డు కనిపించకుండా చేస్తుందంతే. తిరిగే వైపు గేటును ఆనుకుని ఉన్న కారు మాత్రం మలుపునే మింగేస్తుంది, ఎందుకంటే దాన్ని దాటేదాకా మీరు స్టీరింగ్ తిప్పలేరు. ఆ వైపు ఒక కారు పొడవు ఖాళీగా ఉంటే ఇబ్బంది లేదు. "పెట్టేదే అయితే అటుపక్క పెట్టండి" అని అతిథులకు చూపించగలిగితే చాలాసార్లు అక్కడితోనే సమసిపోతుంది.

టైర్లలో గాలి తీసేయడం, పంక్చర్ చేయడం, చక్రానికి గొలుసు వేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆస్తికి నష్టం చేయడం న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం, నష్టం 20,000 రూపాయలు దాటితే రెండేళ్ల దాకా జైలు. అప్పటిదాకా మీరు బాధితులు, ఆ క్షణం నుంచి మీరు నిందితులు. అవతలివారి తప్పు ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: గేటుకు "నో పార్కింగ్" బోర్డు పెట్టినా ఎవరూ చూడటం లేదు. రెండు వైపులా రాళ్లు, నీళ్లు నింపిన డ్రమ్ములు పెట్టుకోవచ్చా? (హనుమకొండ)

జవాబు: వద్దు. రోడ్డు మీద రాయి పెడితే అడ్డంకి కలిగించింది మీరే అవుతారు. రాత్రి చీకట్లో బైకు తగిలి ఎవరైనా పడితే కేసు మీ మీదికే వస్తుంది.

మనం గేటుకు తగిలించిన బోర్డుకు పోలీసులు పెట్టిన బోర్డుకున్న బలం లేదు. అది తెలియనివారికి తెలియజేస్తుంది, అంతవరకే. అందుకని తెలియజేసే పనైనా గట్టిగా చేయాలి. ఏ దుకాణంలోనో కొన్న అరచేతి స్టిక్కరు కారు అద్దంలోంచి కనబడదు. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు రేకు మీద రెండంగుళాల అక్షరాలతో "ఈ గేటులోంచి కారు రాత్రీ పగలూ తిరుగుతుంది. బండి పెట్టవద్దు" అని రాయించి, కింద ఫోన్ నంబరు వేయించండి. నంబరు ఉంటే పెట్టినవాడు వెతుక్కోకుండా మీకే ఫోన్ చేస్తాడు. గేటు స్తంభాలకు నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా పసుపు, నలుపు చారలు వేయించండి. డ్రైవరు కంటికి బోర్డు కంటే ముందు ఆనేది అవే. ఎనామిల్ పెయింటు ఎండకు త్వరగా పోతుంది, రోడ్డు గీతలకు వాడే పెయింటు అడిగి తెచ్చుకోండి.

ఫిర్యాదు చేసేముందు మీ ర్యాంపు ఎంతవరకు ఉందో చూసుకోండి. చాలా ఇళ్లలో ర్యాంపు కాల్వ దాటి రోడ్డు మీదికి రెండు మూడడుగులు పొడుచుకొస్తుంది. అది ఆక్రమణ. మున్సిపాలిటీవారు కొలతకు వస్తే పక్కింటి కారుతోపాటు మీ ర్యాంపూ పోతుంది. కాల్వ మీద తీసి శుభ్రం చేసుకునే ఇనుప జాలీ వేయించి, వాలు అంతా మీ స్థలంలోనే ఇచ్చుకోండి. గేటు కూడా లోపలికే తెరుచుకోవాలి. బయటికి తెరుచుకునే 10 అడుగుల గేటు, ఒక్కో రెక్క 5 అడుగులు రోడ్డును ఆక్రమిస్తుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంటు స్టిల్టులో (భవనం కింద స్తంభాల మధ్య పార్కింగ్) మా కారు వెనకే ఇంకొకరి కారు పెట్టాలి, చోటు అలానే ఇచ్చారు. న్యూట్రల్‌లో వదలమంటే ఇదివరకు వదిలేవారు. కొత్త ఆటోమేటిక్ కారు కొన్నప్పటి నుంచి తొయ్యడానికి కుదరడం లేదు. (విశాఖపట్నం)

జవాబు: ఇది ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటులోనూ మొదలైంది, కారణం ఎవరి మొండితనమూ కాదు, గేర్‌బాక్సే. మాన్యువల్ కారును హ్యాండ్ బ్రేక్ తీసి న్యూట్రల్‌లో, స్టీరింగ్ నేరుగా పెట్టి వదిలితే ఇద్దరు తోస్తే కదులుతుంది. ఆటోమేటిక్‌లో చాలావాటికి గేరు 'పి'లో (పార్కింగ్) పెడితేనే తాళంచెవి బయటికి వస్తుంది, లేదా ఇంజన్ ఆపగానే అదే 'పి'లోకి పోతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్నవాటిలో ఆపగానే బ్రేక్ దానంతటదే పడే రకాలూ ఉన్నాయి. అలాంటి కారును తోస్తే గేర్‌బాక్స్ లోపలి కొక్కెం దెబ్బతింటుంది, ఖర్చు ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. కొన్ని మోడళ్లలో 'షిఫ్ట్ లాక్' అని గేరు పక్కన చిన్న మూత కింద మీట ఉంటుంది, అది నొక్కితే ఇంజన్ ఆపి ఉన్నా గేరును 'పి'లోంచి న్యూట్రల్‌కు తేవచ్చు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చూడమనండి.

ఉంటే సరే. లేకపోతే మూడు దారులు. ఉదయం ముందు వెళ్లేవారి కారు వెనక (బయటివైపు), ఆలస్యంగా వెళ్లేవారిది లోపల ఉండేలా ఇద్దరూ చోట్లు మార్చుకోవడం. ఇది కుదిరితే దీనికి మించింది లేదు. లేదా ఒకే కుటుంబానికి చెందిన రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా అసోసియేషన్ చోట్లు తిరిగి కేటాయించడం. మూడోది డూప్లికేటు తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉంచడం, ఇది వద్దంటాం. కారు పోతే బీమా కంపెనీ రెండు ఒరిజినల్ తాళాలూ చూపించమంటుంది, ఒకటి ఎవరి చేతిలో ఉందో చెప్పలేని పరిస్థితి క్లెయిముకు చేటు.

న్యూట్రల్‌లో వదిలేవాళ్లు నేల వాలు చూసుకోవాలి. స్టిల్టు నేల నీళ్లు పోవడానికి కొద్దిగా వాలుగా పోస్తారు. చక్రం వెనక చెక్క దిమ్మ పెట్టాలి, ఇటుక పనికిరాదు, పగిలి జారుతుంది.

చోట్ల కేటాయింపు మీద తగాదా వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 2016 ప్రకారం పైకప్పు లేని పార్కింగ్ స్థలం ఉమ్మడి ఆస్తి. మహారాష్ట్ర చట్టానికి సంబంధించి 2010లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు స్టిల్టు పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోలేడని చెప్పింది. మీ సేల్ డీడులో ఏముందో, అసోసియేషన్ బైలాస్‌లో ఏముందో చదివాకే సర్వసభ్య సమావేశంలో మాట్లాడండి.

ప్రశ్న: మా గేటు పక్కన కవరు కప్పిన పాత కారు ఏడాదిగా కదలడం లేదు. ఎవరిదో తెలియదు. (గుంటూరు)

జవాబు: మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ఇందుకే ఉంది. బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి లాగించి తీసుకెళ్లొచ్చు, ఆ ఖర్చు ఓనరే కట్టాలి. నంబరు, ఇంజన్ పరిస్థితి, గాలిలేని టైర్లు, కింద పేరుకున్న చెత్త కనిపించేలా వారం తేడాతో రెండుసార్లు ఫోటోలు తీసి ట్రాఫిక్ స్టేషన్‌లోనూ, మున్సిపల్ ఆఫీసులోనూ ఇవ్వండి. ఇలాంటి బండ్లలో చాలావాటికి అమ్మిన వ్యక్తి పేరు మీదే ఆర్‌సీ ఉండిపోతుంది. మీరు ఎప్పుడైనా బండి అమ్మితే రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయడం మరచిపోకండి, లేకపోతే ఎవరి గేటు ముందో ఆగిన బండికి నోటీసు మీకు వస్తుంది.

ప్రశ్న: ఫంక్షన్ హాలు పక్క వీధి మాది. ముహూర్తాల రోజుల్లో ఇంట్లోంచి బయటికి రాలేం. (కరీంనగర్)

జవాబు: పెళ్లికి వచ్చినవాళ్లతో వాదించి లాభం లేదు, వాళ్లు రేపు ఉండరు. హాలు మేనేజరు రేపూ ఉంటాడు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం మొదలయ్యేముందు వీధివాళ్లు నలుగురు కలిసి వెళ్లి ఆ నెల బుకింగుల తేదీలు అడిగి రాసుకోండి. ఆ రోజుల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా మీ వీధి మొదట్లో హాలు తరఫున ఒక మనిషి, రెండు కోన్లు, తాడు ఉండాలని అడగండి. సంతకాలతో కాగితం ఇచ్చి, నకలు ట్రాఫిక్ స్టేషన్‌లో పెట్టండి. 20 అడుగుల వీధిలో రెండు వైపులా కార్లు ఆగితే మధ్య మిగిలేది 6 అడుగులు, అంబులెన్సు పోదు. ఆ కాగితంలో ముందు రాయాల్సింది ఈ మాటే.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. పక్కింటి కారు మా డ్రైవ్‌వేకు అడ్డంగా ఆపుతున్నారు. (శాన్ హోసే)

జవాబు: అక్కడి వెహికల్ కోడ్ 22500(ఇ) డ్రైవ్‌వే ముందు ఆపడాన్నే నిషేధిస్తుంది, బోర్డు అక్కర్లేదు. 22651(డి) కింద పోలీసులు టో చేయించే వీలూ ఉంది. మీ నగర పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి, 911కు కాదు. మీరే ప్రైవేటు టో బండిని పిలిపించకండి, పబ్లిక్ వీధిలోని కారు విషయంలో అది పోలీసుల అధికారం. ఇంకో సంగతి: డ్రైవ్‌వే ఎదురుగా, వీధి అవతల ఆగిన కారుకు ఈ నిబంధన వర్తించదు. అక్కడ మాత్రం మన వీధుల్లోలాగే మాటతోనే జరిపించుకోవాలి.

ప్రశ్న: గేటు పక్కన బండ్లుంటే రోడ్డు మీద వచ్చేవాళ్లు కనబడటం లేదు. అద్దం పెట్టుకోవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: పెట్టుకోవచ్చు. 24 అంగుళాల ఉబ్బెత్తు అద్దం, గాజు కాకుండా పాలీకార్బనేట్‌ది తీసుకోండి, రాయి తగిలినా పగలదు. ఎదురింటి గోడకైతే వాళ్ల అనుమతి, కరెంటు స్తంభానికైతే విద్యుత్ శాఖ అనుమతి కావాలి. నేల నుంచి 7, 8 అడుగుల ఎత్తులో, కొద్దిగా కిందికి వంచి బిగించండి. మీరు డ్రైవర్ సీట్లో కూర్చుని చెబుతుంటే ఇంకొకరు తిప్పి బిగించాలి, నిలబడి చూసి బిగిస్తే సీట్లోంచి ఆకాశం కనబడుతుంది. ఈ అద్దంలో వచ్చే బండి ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. కాబట్టి ఏదైనా కదులుతున్నట్టు తెలియగానే ఆగండి, దూరం అంచనా వేయకండి. ముక్కు బయటపెట్టే ముందు ఒకసారి హారన్ కొట్టండి, రాత్రిపూట లైట్లు ఆర్పి వెలిగించండి.